గప్పీ చేపపిల్లలు రెండో వారం దాటడం లేదు, తప్పు ఎక్కడ జరుగుతోంది?

నీలగిరి_తొట్టి
మాది నల్లగొండ పట్టణం. ఒకటిన్నర అడుగుల అద్దాల తొట్టిలో ఆరు గప్పీ చేపలు, రెండు మోలీ చేపలు పెంచుతున్నాను. మూడు నెలల్లో నాలుగు ఈతలు అయ్యాయి. ఒక్కో ఈతకు ముప్పై, నలభై పిల్లలు పుడతాయి. అయిదో రోజుకు సగం పోతాయి, రెండో వారానికి అయిదారు మిగులుతాయి. ఆ మిగిలినవి కూడా ముందుకు కదలకుండా ఉన్నచోటనే ఒళ్లు అటూ ఇటూ ఊపుతుంటాయి. ఒకటి రెండింటికి నడుము వంకర. నేను తీసుకోని జాగ్రత్త లేదు. మా బోరు నీళ్లలో పళ్లను, ఎముకలను పాడుచేసే ఫ్లోరైడ్ ఉంటుందన్న భయంతో, మేము తాగే ఆర్వో క్యాన్ నీళ్లనే తొట్టిలో పోస్తున్నాను. ప్రతి ఆదివారం నీళ్లన్నీ తీసేసి, గులకరాళ్లను, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద తళతళలాడేదాకా కడుగుతాను. తల్లి ఈనడానికి వారం ముందే దాన్ని, పుట్టిన పిల్లలను తినేయకుండా, తొట్టిలో వేలాడదీసే వలపెట్టెలోకి మారుస్తాను. పిల్లలకు ఉదయం, సాయంత్రం ఉడికించిన గుడ్డు పచ్చసొన పెడతాను. దుకాణంలో అడిగితే "గప్పీలంటే అంతేనమ్మా, ఇంకో జత తీసుకుపోండి" అన్నారు. పిల్లలు చనిపోయిన ప్రతిసారీ మా పాప అడిగే ప్రశ్నలకు నా దగ్గర జవాబు ఉండటం లేదు.

పాలమూరు_మోలీ
ముందు పచ్చసొన ఆపండి. అది చెడ్డ మేత కాదు గాని, పిల్లలు తినేది ఆవగింజంత, తొట్టిలో కుళ్లేది ఉసిరికాయంత. గుడ్డు వేసిన రెండు మూడు గంటల తర్వాత నీళ్ల మీద ముక్కు పెట్టి చూడండి, నీచు వాసన వస్తే కారణం అదే. పైగా రోజుకు రెండు పూటల మేత పెద్ద చేపలకు సరిపోతుంది గాని పిల్లలకు సరిపోదు. వాటికి రోజుకు నాలుగైదు సార్లు, ప్రతిసారీ రెండు నిమిషాల్లో ఖాళీ చేసేంత మాత్రమే వేయాలి.

గద్వాల_అంచు
ఈతలకు లోటు లేదు, పిల్లలకు ఈతే రావడం లేదన్నమాట. నవ్వులాట పక్కన పెడితే, నాకు ఆ వలపెట్టె నచ్చలేదు. నిండు చూలాలిని వారం రోజులు జానెడు పెట్టెలో బంధిస్తే అది బెదిరిపోయి, నెలలు నిండకుండానే ఈనేస్తుంది. అలా పుట్టిన పిల్లల పొట్ట కింద ఇంకా పసుపు సంచి వేలాడుతుంటుంది, అవి అడుగునే పాకుతూ ఒకటి రెండు రోజుల్లో పోతాయి. నా మొదటి ఈత మొత్తం అలాగే పోయింది.

మిల్లు_గుమాస్తా
మాది మిర్యాలగూడ. ఆరేళ్లుగా బోరు నీళ్లే పోస్తున్నాను, ఒక్క గప్పీకి కూడా పళ్లు పచ్చబడినట్టు నాకు కనబడలేదు.

మాజీ_సైన్సుసారు
ఈ అమ్మాయి రాసినది రెండుసార్లు చదివాను. గుడ్డు, వలపెట్టె రెండూ పొరపాట్లే. అసలు దొంగ మాత్రం ఆ ఆర్వో క్యాన్ అని నా అనుమానం. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ అన్నీ ఒకే కుటుంబానికి చెందిన చేపలు. గుడ్లు పెట్టకుండా కడుపులోనే పొదిగి పిల్లల్ని కంటాయి. ఇవి సున్నపు లవణాలున్న కఠిన జలానికి అలవాటు పడినవి. మోలీలయితే నది సముద్రంలో కలిసే ఉప్పు కయ్యల్లో కూడా బతుకుతాయి. వీటికి పీహెచ్ (నీళ్ల పులుపు, క్షారం చెప్పే అంకె) 7కు పైన, 8 వరకు ఉన్నా సుఖమే. ఆర్వో యంత్రం నీళ్లలోని కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని, కార్బొనేట్లను దాదాపుగా తీసేస్తుంది. ఎముకలు అల్లుకోవలసిన వయసులో ఆ పిల్లలకు లవణాలు అందవు. ఉన్నచోటనే ఒళ్లు ఊపడం, లవణాలు తక్కువగా ఉన్న మెత్తటి నీళ్లలో పెట్టిన మోలీలలో తరచుగా కనిపించే లక్షణం.

రెండో సంగతి ఆదివారం కడుగుడు. చేపల విసర్జన నుంచి అమ్మోనియా వస్తుంది, అది చేపలకు విషం. స్పాంజిలో, రాళ్ల మీద పెరిగే బాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత పెద్దగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీరు ఏడు రోజులకోసారి దాన్ని కుళాయి కింద కడిగి కాలువలో కలుపుతున్నారు. అంటే మీ తొట్టి మూడు నెలలుగా మొదటి వారంలోనే ఉంది. స్పాంజిని తొట్టి నుంచి తీసిన నీళ్లలోనే రెండు సార్లు పిండి మళ్లీ పెట్టాలి. అది మురికిగా కనిపించినా ఫరవాలేదు, ఆ మురికిలోనే మీ పిల్లల ప్రాణం ఉంది.

ఇక ఫ్లోరైడ్. మన గ్రానైట్ రాళ్ల నుంచి అది నీళ్లలోకి దిగుతున్న మాట, మర్రిగూడ, మునుగోడు వైపు తరాల తరబడి మనుషుల నడుములు వంగిన మాట అందరికీ తెలిసిందే. అయితే లీటరుకు 1.5 మిల్లీగ్రాములన్న పరిమితిని ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగే మనిషిని దృష్టిలో పెట్టుకుని నిర్ణయించారు. చేపల విషయంలో, నీళ్లలో కాల్షియం ఎక్కువగా ఉంటే ఫ్లోరైడ్ ప్రభావం తగ్గుతుంది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టి నల్గొండ టెక్నిక్ అంటారు గదా అని, ఎవరూ దాన్ని చేపల తొట్టి మీద ప్రయోగించవద్దని మనవి.

రెండో_షిఫ్టు
సార్ చెప్పిన దానితో పూర్తిగా ఏకీభవించలేను. నడుము వంకరకు నీళ్లొక్కటే కారణం కాదు. దుకాణంలో ఒకే తొట్టిలోంచి పట్టిన ఆరు గప్పీలు దాదాపుగా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లే అయి ఉంటాయి. వాటి పిల్లలు, ఆ పిల్లల పిల్లలు అదే తొట్టిలో కలిస్తే మూడు నాలుగు తరాలకు వంకర నడుములు, చిన్న తోకలు మొదలవుతాయి. నేను నీళ్లు మార్చలేదు, మేత మార్చలేదు, వేరే ఊరి నుంచి రెండు మగ చేపలు తెచ్చాను. తర్వాతి ఈతల్లో వంకరలు తగ్గాయి.

మాజీ_సైన్సుసారు
అదీ నిజమే. అయితే మీరు చెప్పేది మూడు నాలుగు తరాల కథ, ఈమె తొట్టిలో ఇంకా మొదటి తరమే పెరగలేదు. మరొక చిన్న విషయం కలుపుతాను. ఆడ గప్పీ ఒక్కసారి జతకడితే ఆ బీజాన్ని నెలల తరబడి కడుపులో దాచుకుని, మళ్లీ మగదాని ముఖం చూడకుండానే వరసగా ఈనగలదు. కాబట్టి కొత్త మగ చేపను తెచ్చిన మరునాటి నుంచే పిల్లలన్నీ దానివే అనుకోవడానికి వీలు లేదు.

గద్వాల_అంచు
తండ్రి ఎవరో తేల్చడానికి గప్పీల పంచాయితీ కూడా పెట్టవలసి వచ్చేటట్టుంది.

కృష్ణ_ఒడ్డు
క్యాన్ మానేసి వెంటనే ప్రభుత్వం ఇచ్చే మిషన్ భగీరథ కుళాయి నీళ్లు పోయమని ఎవరైనా చెప్పకముందే నా అనుభవం రాస్తాను. మా ఇంటికి వచ్చేది కృష్ణ నీళ్లే, తాగడానికి బంగారం. అయితే దారిలో చెడిపోకుండా క్లోరిన్ కలుపుతారు. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలన్నది నిబంధన. నేను ఒక రోజు నీళ్లు వచ్చీ రాగానే పైపు నేరుగా తొట్టిలో పెట్టి, ఫోను మాట్లాడుతూ నిలబడ్డాను. ఫోను పెట్టేసి చూసేసరికి పిల్లలన్నీ పై అంచున నోళ్లు తెరిచి ఉన్నాయి, మొప్పల దగ్గర ఎర్రగా కమిలి ఉంది. సాయంత్రానికి ఒక్కటీ మిగలలేదు. ఇప్పుడు బకెట్లో పట్టి, పంపు గాలిని బుడగలుగా వదిలే గాలి రాయి వేసి, ఒక రోజంతా డాబా మీద ఉంచుతాను. తొందర ఉంటే దుకాణంలో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేస్తాను. అందులో ఉండేది పాతకాలపు ఫోటో స్టూడియోల వాళ్లు వాడిన హైపోయే.

జడ్చర్ల_జంక్షన్
ఇంతమంది నీళ్ల గురించి రాశారు, గాలి గురించి ఎవరూ అడగలేదు. తొట్టి ఉన్న గదిలో దోమల మందు కొడుతున్నారా? మా ఇంట్లో బొద్దింకల కోసం మూల మూలకూ మందు కొట్టాము, తొట్టి మీద మూత కూడా వేశాము. గాలి పంపు మాత్రం ఆ గదిలోని గాలినే పీల్చి నేరుగా నీళ్లలోకి ఊదుతూనే ఉంది. ఆ మందుల్లో ఉండే పైరిత్రాయిడ్లు మనకంటే చేపలకు ఎన్నో రెట్లు విషం. తెల్లవారేసరికి అరచేతి నిండా చేపలు ఎత్తి పారేశాను.

నీలగిరి_తొట్టి
అందరి మాటలూ చదివాను. ఆ గదిలో దోమల మందు వాడటం లేదు. మా తమ్ముడి దగ్గర టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తం) కొలిచే పరికరం ఉంటే తెచ్చి చూశాను. క్యాన్ నీళ్లలో 40, భగీరథ కుళాయిలో 290, మా బోరులో 860 చూపించింది. నేను మూడు నెలలుగా దగ్గరుండి ఏం చేస్తున్నానో ఇప్పుడు అర్థమైంది. రేపు ఉదయమే తొట్టి ఖాళీ చేసి బోరు నీళ్లు నింపేస్తాను.

మాజీ_సైన్సుసారు
దయచేసి ఆ పని చేయకండి. ఒక్కసారిగా మారిస్తే ఇప్పుడున్న పెద్ద చేపలు కూడా పోవచ్చు. మీ తొట్టిలో కార్బొనేట్లు లేవు గనుక పీహెచ్ కిందికి జారి ఉంటుంది. పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపు అమ్మోనియా చాలావరకు అమ్మోనియం రూపంలో పడుకుని ఉంటుంది, అంతగా కరవదు. దాని మీద ఒకేసారి పీహెచ్ 8 ఉన్న నీళ్లు పోస్తే అది నిద్ర లేచి విషపు అమ్మోనియాగా మారుతుంది. ఎండలకు నీళ్లు వేడెక్కిన కొద్దీ ఆ విషం పాలు ఇంకా పెరుగుతుంది. బోరు నీళ్లు సగం, రోజంతా నిలవబెట్టిన భగీరథ నీళ్లు సగం కలిపి పెట్టుకోండి. రెండు రోజులకోసారి తొట్టిలో పదో వంతు తీసి, ఈ నీళ్లు సన్నటి ధారగా పోయండి. రెండు మూడు వారాల్లో తొట్టి దానంతట అదే దారికి వస్తుంది. క్యాన్ నీళ్లను పూర్తిగా వదిలేయనక్కరలేదు. ఎండాకాలం ఆవిరైపోయేది నీరు మాత్రమే, లవణాలు తొట్టిలోనే మిగులుతాయి. ఆవిరైన మేరకు నింపడానికి క్యాన్ నీళ్లే సరైనవి.

మిల్లు_గుమాస్తా
మా మామయ్య ప్రతి ఏటా మృగశిర కార్తె నాడు మా ఇంటికి వచ్చి, తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చుని "ఇవి ఎన్నేళ్లకు కిలో అవుతాయి రా?" అని అడుగుతాడు. సార్ చెప్పిన లెక్కలన్నీ ఆయనకు వినిపించాను. కిలో సంగతి అందులో లేదని నిరాశపడ్డాడు.

డాబామీద_గోలెం
నేను అద్దాల తొట్టిలో పిల్లల్ని పెంచడం మానేసి నాలుగేళ్లయింది. మాది దేవరకొండ దగ్గర పల్లె. డాబా మీద తూర్పు గోడ పక్కన, మధ్యాహ్నం నుంచి నీడ పడే చోట రెండు వందల లీటర్ల సిమెంటు గోలెం పెట్టాను. కొత్త సిమెంటు సున్నం వదులుతుంది కాబట్టి మొదటి నెల రోజులు నీళ్లు నింపడం, పారబోయడమే పని. తర్వాత నీళ్లను వదిలేస్తే పది రోజుల్లో పచ్చగా మారుతుంది. ఆ పచ్చ నీళ్లలో కంటికి ఆనని జీవాలు లక్షల్లో ఉంటాయి, పిల్లలు పొద్దస్తమానం అదే మేస్తుంటాయి. పైన కాసిన్ని గుర్రపుడెక్క మొక్కలు వేశాను. ఈనబోయే ఆడదాన్ని అందులో వదులుతాను, పిల్లలు పుట్టీ పుట్టగానే ఆ వేళ్ల గుబురులోకి దూరిపోతాయి, తల్లి నోటికి అందవు. ఈనడం అయిపోయాక తల్లిని తీసేస్తాను. నెల తిరిగేసరికి అద్దాల తొట్టిలో పిల్లల కంటే ఇవి రెండింతలు పెద్దవిగా కనిపిస్తాయి.

నష్టాలు కూడా చెప్పాలి. మొదటి ఏడాది ఆ మొక్కలను చెరువు నుంచి తెచ్చి, కడగకుండానే వేశాను. యాభై పిల్లలు ఇరవై రోజుల్లో పన్నెండుకు వచ్చాయి, శవం ఒక్కటి కూడా కనబడలేదు. గోలెం వంచి నీళ్లు తోడితే అడుగున బూడిద రంగులో, చిటికెన వేలి గోరంత పురుగులు నాలుగు దొరికాయి. అవి తూనీగ పిల్లలు. అడుగున కదలకుండా కూర్చుని, మడిచిపెట్టుకున్న దవడను ఒక్కసారి ముందుకు చాచి చేపపిల్లను లాక్కుంటాయి. ఇప్పుడు మొక్కలు తెస్తే లేత గులాబీ రంగు వచ్చేటంత పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీళ్లలో పది నిమిషాలు ముంచి, మంచి నీళ్లలో రెండు సార్లు జాడించి వేస్తాను. తూనీగలు వచ్చి గుడ్లు పెట్టకుండా గోలెం మీద దోమతెర కట్టాను.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, గోలెం నీళ్లు కాగవా? 28 డిగ్రీల దాకా వీటికి హాయి, 32 దాటితే చూసుకోవాలి. నీళ్లు వేడెక్కిన కొద్దీ అందులో నిలిచే ప్రాణవాయువు తగ్గుతుంది. తడి గోనెసంచి కప్పి, పక్క నుంచి ఫ్యాన్ గాలి తగిలేటట్టు పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. మంచుగడ్డలు వేయవద్దు, గబుక్కున చల్లబడటం వేడి కంటే ప్రమాదం.

గద్వాల_అంచు
చెరువు నుంచి తెచ్చుకునేవాళ్లు మొక్కలతోపాటు చేపలను కూడా చూసి తెచ్చుకోవాలి. నేను ఆడ గప్పీలనుకుని తెచ్చిన నాలుగు బూడిద రంగు చేపలు గంబూషియాలు. దోమల నివారణకు బావుల్లో, కుంటల్లో వదిలేవి అవే. అవి కూడా పిల్లల్ని కనే జాతే, చూడటానికి అమాయకంగా ఉంటాయి. వారం తిరిగేసరికి నా మగ గప్పీల తోకలన్నీ చీరకు అంచు కత్తిరించినట్టు అయిపోయాయి.

పాలమూరు_మోలీ
మేత గురించి మొదట నేనే ఎత్తుకున్నాను గనుక పూర్తి చేస్తాను. అన్నిటికంటే మంచి మేత అప్పుడే పొదిగిన ఆర్టీమియా, ఉప్పునీళ్లలో పెరిగే రొయ్య లాంటి చిన్న జీవి. దీన్ని బ్రైన్ ష్రింప్ గుడ్లని అమ్ముతారు, చూడటానికి కాఫీ పొడిలా ఉంటుంది. కూల్ డ్రింక్ సీసా అడుగు కోసి, మూత బిగించి తలకిందులుగా నిలబెట్టండి. లీటరు నీళ్లకు 25 గ్రాముల అయోడిన్ లేని దొడ్డు ఉప్పు కలపండి. పావు చెంచా గుడ్లు వేసి, గాలి గొట్టం మూత దాకా దించి, పక్కన ఒక బల్బు పెట్టండి. మన వేడికి 24 గంటల్లోనే నారింజ రంగు పిల్లలు బయటకు వస్తాయి. గాలి ఆపితే పదినిమిషాల్లో పెంకులు పైకి తేలతాయి, పిల్లలు అడుగుకు, వెలుతురు వైపుకు చేరతాయి. వాటిని సన్నటి గొట్టంతో లాగి, పలుచని గుడ్డలో వడగట్టి, మంచి నీళ్లతో ఒకసారి కడిగి వేయండి. పెంకులు మాత్రం పోనివ్వకండి, పిల్లల పేగుకు అడ్డం పడతాయి. మేసిన అయిదు నిమిషాల తర్వాత దీపం వెలుతురులో చూడండి, ఒక్కో గప్పీ పిల్ల పొట్టలో కుంకుమ చుక్క పెట్టినట్టు ఎర్రగా కనిపిస్తుంది. ఏ పిల్ల తిన్నదో ఏది తినలేదో అడగనవసరం లేదు.

రెండో_షిఫ్టు
షిఫ్టు ఉద్యోగం చేసేవాడికి ఆ సీసా సంసారం సాగదు. నేను మామూలు గుళికల మేతను రోట్లో మెత్తగా నూరి, కొంత స్పిరులినా పొడి కలిపి పెడుతున్నాను. పెరుగుదల కొంచెం నెమ్మదే గాని పిల్లలు నిక్షేపంగా ఉన్నాయి. ఇంకొక మాట, కరెంటు పోయినప్పుడు పనిచేసే బ్యాటరీ గాలి పంపు ఒకటి కొనుక్కోండి. ఒకసారి వానకు రాత్రంతా కరెంటు లేకపోతే, అద్దం పగిలిన చేతి గడియారం వెలుతురులో గ్లాసుతో నీళ్లు ఎత్తి పోస్తూ కూర్చున్నాను.

నీలగిరి_తొట్టి
నెల దాటింది కనుక వివరాలు రాస్తున్నాను. సార్ చెప్పినట్టు నీళ్లు మెల్లగా మార్చాను, ఇప్పుడు తొట్టిలో టీడీఎస్ 480 దగ్గర నిలబడింది. స్పాంజిని కడగాలని ఆదివారం పూట చేతులు దురద పెడుతున్నా ఆపుకున్నాను. వలపెట్టె తీసేసి, శుభ్రం చేసిన నాచు ఒక మూల గుబురుగా వేశాను. పందొమ్మిది రోజుల కింద సాయంత్రం ఒక ఆడ గప్పీ ఫిల్టర్ వెనక మూలకు చేరి కదలడం మానేసింది, పొట్ట డబ్బాలాగా నలుపలకలుగా ఉంది. మా పాప, నేను లైటు ఆర్పి, తలుపు సందులోంచి వచ్చే వెలుతురులో కూర్చున్నాము. పిల్ల రెండుగా ముడుచుకుని చిన్న ముత్యంలా జారింది, అడుగున రాయికి తగిలి ఒక్క క్షణం ఆగింది, విల్లు విడిచినట్టు నిటారై నాచులోకి దూసుకుపోయింది. రెండు గంటల్లో ముప్పై ఒకటి లెక్కపెట్టాము. ఇవాళ మళ్లీ లెక్కపెడితే ఇరవై ఏడు ఉన్నాయి. ఒంటి ఊపుడు ఎక్కడా లేదు, ఒక దానికి మాత్రం నడుము కొంచెం వంకరగా ఉంది.

రెండో_షిఫ్టు
ఆ ఒక్కదాన్ని పెంచుకోండి గాని, దానితో ఈతలు వేయించకండి.

మాజీ_సైన్సుసారు
చాలా సంతోషం. మూడో వారం నిండగానే రోజూ తొట్టిని గమనించండి. మగ పిల్లలకు పొట్ట కింది రెక్క సన్నటి పుల్లలా మారుతుంది, ఆడవాటికి విసనకర్రలాగానే ఉంటుంది. పొట్ట చివర, ఆ రెక్కకు కాస్త పైన ఉండే గర్భపు మచ్చ కూడా ఆడవాటిలో ముందుగా నల్లబడుతుంది. ఆరో వారం దాటకముందే మగవాటిని, ఆడవాటిని వేరు చేయకపోతే రెండు మూడు నెలలకే మనవరాళ్లను లెక్కపెట్టవలసి వస్తుంది.

నీలగిరి_తొట్టి
ఈ నలభై లీటర్ల తొట్టిలో ఇరవై ఏడు పిల్లలు పెద్దవైతే పట్టవు. మా పాప ఇక్కడి ఉదయసముద్రం చెరువులో వదిలేద్దామంటోంది.

గద్వాల_అంచు
ఉదయసముద్రంలో మాత్రం వద్దమ్మా. మనం ఇంట్లో పెంచుకునే పరాయి దేశపు చేపలను చెరువుల్లో వదిలితే అక్కడి చిన్న చేపల మేతకు, గుడ్లకు చేటు. నా గంబూషియాల కథ పాపకు వినిపించండి.

జడ్చర్ల_జంక్షన్
నా తొట్టి అప్పటి నుంచి ఖాళీగానే ఉంది. గదిని కడిగించాను, నీళ్లు నెల రోజులుగా ఫిల్టర్‌లో తిరుగుతున్నాయి. పది పిల్లలు నాకు ఇవ్వండి, వచ్చే శనివారం నేనే నల్లగొండ వస్తాను. సగం నీళ్లు, సగం గాలి ఉన్న సంచిలో కట్టి ఇస్తే మధ్యాహ్నం ఎండ ఎక్కకముందే తిరుగు బస్సు పట్టుకుంటాను.

నీలగిరి_తొట్టి
ఇస్తాను. వంకర నడుము పిల్లను మాత్రం ఇవ్వనని, దానికి ఇప్పటికే పేరు పెట్టానని మా పాప చెప్పమంటోంది.